చెక్కని సగం

తాళంచెవి నా దగ్గరే ఉంటుంది,
వంటింట్లో పిండి డబ్బా వెనక మేకుకి.
ఎవరూ అడగరు.
ఈ గోధుమ చేల మధ్య మెథడిస్టు గుడి అంటే
ఇప్పుడు నేనూ, పగిలిన రెండు కిటికీలూ, రేకుల కింద పావురాలూ.

కట్టింది రాగిగని వాళ్లు.
కార్న్‌వాల్ నుంచి వచ్చి దక్షిణ ఆస్ట్రేలియాలో ఓడ దిగి,
పగలంతా భూమిలోకి దిగి,
పొద్దుగూకాక సున్నపురాయి మోశారు.
ఆడవాళ్లు నాలుగు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చి సున్నం కలిపారు.
రిజిస్టరులో ఆ మాట లేదు.
'గోడలు లేచెను, ఖర్చు నూట పన్నెండు పౌన్లు' అని ఉంది.
అందులో ఏడు పౌన్లు టీకి.
సారా ముట్టని వాళ్ల లెక్క మరి.

పాస్టరు ఆరు వారాలకోసారి, గుర్రం మీద.
మిగతా ఆదివారాలు వడ్రంగి డిగొరీ పెన్‌హేల్.
అతనికి మూడే ప్రసంగాలు వచ్చు.
వాన కోసం నాలుగోది కూడా ఉండేదట,
అది ఎన్నడూ పని చెయ్యలేదంది మా అమ్మమ్మ.

టైఫాయిడ్ ఏడు
పడమటి కంచె వెంట పదకొండు చిన్న గుంటలు.
డిగొరీయే పెట్టెలు చేశాడు,
చివరి రెండూ గుడి బల్లల చెక్కతో.
అందుకే ఎడమవైపు ఒక వరస తక్కువ.
కొత్తవాళ్లు అది దారి అనుకునేవారు.

సమాధుల తోటలో ఒక రాయి ఉంది.
జేబెజ్ ట్రెగెన్జా, నిచ్చెన విరిగి, ఇరవై తొమ్మిదేళ్లు.
కింద 'ఇతని భార్య లవ్‌డే' అని చెక్కి
ఆపేశారు. మిగతాది నున్నటి రాయి.
ముందే డబ్బు కట్టింది పాపం, తన జాగాకి కూడా.
రెండేళ్లకి ఒక లూథరన్ రొట్టెలవాడి బండెక్కి
లోయ వైపు వెళ్లిపోయింది.
ఆ పేరు మా ఇంట్లో గొంతు తగ్గించి పలికేవారు,
అప్పు పేరు పలికినట్టు.

మొన్న ఉత్తరం వచ్చింది:
గుడి అమ్మకానికి, సమాధుల తోట కాదు.
కొనడానికొచ్చిన కుర్రాడు కొలతలు తీసుకుంటూ
కంచె వైపు చూపించి
'ఇక్కడికి ఇంకా ఎవరైనా వస్తారా?' అన్నాడు.
వచ్చేవాళ్లనా, తెచ్చేవాళ్లనా,
ఏమడిగాడో తెలియక
టీ తాగుతావా అన్నాను.

అతను వెళ్లాక బకెట్టూ బ్రష్షూ తీసుకుని బయల్దేరాను.
అన్ని రాళ్ల మీదా నాచు గీకేస్తాను,
పదకొండు చిన్నవాటి మీద వేలి కొనతో.
లవ్‌డే సగం మాత్రం తుడవను.
పసుప్పచ్చగా, గుండ్రంగా, పొంగిన పిండిలా
అక్కడ నాచు బాగా పడుతుంది.