కాలిన కన్నం

నెల్లిమర్ల జూట్ మిల్లు రెండో షిఫ్టు దిగితే
ముందుగా నా జాలీకే తెలుస్తుంది.
గోగునార నలుసులంటిన చేతులు
ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూరతాయి.
ఈ సర్కారు మందు షాపులో మూడేళ్ల నుంచీ
నోట్లు లెక్కపెడుతున్నాను.
ముఖాలు చూడాలంటే వంగాలి.
వంగను.

సీసా మూత మీద వెండి రంగు చీటీ.
అది సర్కారు బొట్టంటాడు మా సూపర్‌వైజరు రామజోగి.
"సరుకు ఖరీదెంతోయ్, మూతకి సరిపోద్ది.
మిగతాదంతా బొట్టు ఖరీదే."
టార్గెట్ దాటిన రోజు పకోడీలు తెప్పిస్తాడు.
"ముసిలోళ్ల పింఛన్లు ఎవడిస్తన్నాడనుకున్నావు?
మనవే!"

దాలమ్మ తెల్లారకముందే వస్తుంది
షాపు వెనక ఖాళీ సీసాలేరడానికి.
చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ.
మొదటిసారి చూసి హడలిపోయాను.
"బయటుంటే గాలికి ఆరిపోద్ది బాబూ,
లోపలుంటే ఎవుడూ ఊదలేడు."

చుట్టల కట్ట రేటు పెరిగిన నెలలో
చుట్టని రెండుగా తుంచి
పొద్దున సగం, రాతిరి సగం.
దీని మీదా పన్నుందా అనడిగింది.
ఉందన్నాను.
"అయితే గవర్మెంటుకి నానూ బువ్వెడతన్నాను!"
నోట్లో నిప్పు కదలకుండానే నవ్వింది.

ఒకటో తారీకు.
వేలిముద్ర మూడుసార్లకి గానీ పడలేదట.
సీసా పెంకులు గీసిన గీతలు
దేవుడు గీసిన గీతల్ని తినేశాయి.
పింఛను కట్ట ఒళ్లో పెట్టుకుని చుట్ట తిప్పుతుంటే
పైనున్న ఐదొందల మీద రవ్వ పడింది.
శనగగింజంత కన్నం.
మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి
జాలీ లోంచి నాకు చూపించింది.
"సెల్లుతాదా?"
చెల్లుతుందన్నాను.
కొంగు మూలన ముడేసుకుని వెళ్లింది.

రాత్రి తొమ్మిదింబావు.
ఇత్తడి ఉంగరం తొడిగిన చేయి ఒకటి.
"క్వార్టరు."
నోటందుకున్నాను.
కన్నంలోంచి నా బొటనవేలే నన్ను చూసింది.
ఆ ఒక్కసారి వంగాను.
సన్నాసి. దాలమ్మ రెండో కొడుకు.
పుస్తెలు కట్టిన రోజు వేసుకున్న చొక్కాలా ఉంది, కాలరు చిరిగింది.
ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.
సీసా ఇచ్చాను, చిల్లర ఇచ్చాను,
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి మరీ ఇచ్చాను.

మర్నాడు బ్యాంకులో క్యాషియరు
ఆ నోటుని ట్యూబులైటుకి ఎత్తి చూసి
ముఖం చిట్లించి
కట్టలో కలిపేశాడు.
చలానా మీద ఠపీమని ముద్ర.
రామజోగికి ఫోటో తీసి పంపాను.
బొటనవేలు బొమ్మ పంపాడు.

దాలమ్మ గోనెసంచి నేలకి జార్చి అడిగింది.
"కన్నం నోటు వొచ్చిందా బాబూ?"
రాలేదని చెప్పొచ్చు.
చెప్పబోయాను కూడా.
"వచ్చింది."
"మీరు సెల్లుతాదన్నప్పుడే అనుకున్నాను"
అని, మోరీ పక్కన పడున్న క్వార్టరు సీసా తీసి
అడుగున మిగిలిన చుక్కలు మట్టిలోకి ఒంపి
సంచిలో వేసుకుంది.
అన్నిటితోపాటే వేసుకుంది.
ఎవరు తాగిందో సీసా మీద రాసుండదు.

మళ్లీ ఒకటో తారీకు వచ్చింది, వెళ్లింది.
అప్పట్నుంచీ ప్రతి ఐదొందలనీ
దీపానికి ఎత్తి చూస్తున్నాను.
లైను మిల్లు గోడ దాకా సాగిపోతోంది.
"దొంగనోట్లు కావు, కానీ బాబూ బేగీ" అంటున్నాయి
జాలీలోంచి చేతులు.