నిలువ నీడ

ముప్పయ్యొక్క ఏళ్లు రొట్టెల బట్టీ ముందు నిలబడి
చివరికి ఆ బట్టీనీ అమ్మి
ఇరవయ్యేడో అంతస్తులో నాలుగు కిటికీలు కొనుక్కున్నాను.
రెసిఫేలో, సముద్రానికి ఎదురుగా.
గదులు, ఆ కిటికీలకి కొసరు.

అబద్ధమెందుకు, సుఖంగానే ఉంది.
జూన్ వానల్లో అఫొగాదుస్‌లోని మా పాతింట్లో
పిండిబస్తాలు బల్లెక్కేవి, బల్ల మీంచి మంచమెక్కేవి,
మేం ఆ బస్తాలెక్కి కూర్చునేవాళ్లం.
ఇప్పుడు వానని అద్దం ఇవతల నించి
మూగసినిమాలా చూస్తాను.
కరెంటు పోతే పదకొండు లెక్కపెట్టేలోగా
కింద జనరేటరు గురక మొదలెడుతుంది.
రాత్రి గొళ్లెం పెట్టడం మరిచిపోయానని
తెల్లారి తెలిస్తే, నవ్వుకోగలను.
ఒంటరి ఆడదానికి ఇది చిన్న సంగతి కాదు.

లిఫ్టులు మాత్రం రెండు.
ఒకదానికి నిలువుటద్దం, పూలకుండీ, నిమ్మగడ్డి వాసన.
రెండోదానికి గోనెపట్టా గోడలు.
వంటకొచ్చే క్లెయిజీ, ఆమె సంచిలో చేపా, కిందికెళ్లే చెత్తా
ఆ రెండోదాంట్లో.
బజారు నించి ఇద్దరం కబుర్లాడుకుంటూ వస్తాం.
గేటు దాటాక మాట సగంలో తెగుతుంది,
వంటగదిలో మళ్లీ అతుక్కుంటుంది.
"ఎంతవరకు చెప్పాను?" అంటుంది, సంచి దించుతూ.
ఒకసారి చెయ్యి పట్టుకుని నా లిఫ్టులోకి లాగాను.
ఇరవయ్యేడు అంతస్తులూ
అద్దంకేసి చూడకుండా చెప్పులకేసి చూసింది.
మళ్లీ లాగలేదు.

మార్చి సమావేశంలో బాల్కనీ తెరల రంగు మీద రెండు గంటలు.
పొడి ఇసుక రంగా, తడి ఇసుక రంగా?
పొడి ఇసుక నెగ్గింది, నాలుగు ఓట్ల తేడాతో.
చేప వేపుడు వాసన మీద ఒక నోటీసు.
పేరు రాయలేదు గాని, చదువుతున్నంతసేపూ
అందరి మెడలూ నా వైపే.
ఐదో తారీఖున కట్టే రుసుముతో
ఒకప్పుడు ముగ్గురు పనివాళ్లకి జీతమిచ్చేదాన్ని.
ఈతకొలను ఎప్పుడూ నీలంగా, నున్నగా ఉంటుంది.
ఎవరూ దిగరు కదా.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ, బట్టీ అలవాటు.
కిందికి దిగి జెనివాల్‌తో కాఫీ తాగుతాను.
రాత్రి కాపలా అతనిది.
మూడువందల పన్నెండు మంది పేర్లు తెలుసు అతనికి,
కుక్కల పేర్లు వేరే.
నాకు మా ఎదురింటావిడ చెప్పుల చప్పుడు తెలుసు.
"పేరేమిటి ఆవిడది?" అన్నాను.
కప్పులోకి చూస్తూ అన్నాడు,
"చెప్పకూడదు డోనా నొయేమియా. రూలు."

నిన్న మధ్యాహ్నం మూడు దాటాక ఇసుకలోకి దిగాను.
వల్దెనీసి తన ప్లాస్టిక్ కుర్చీలని
ఒక్కొక్కటే నీళ్లవైపు జరుపుతోంది.
ఎందుకంటే, "నీడొస్తోంది" అంది.
వెనక్కి తిరిగాను.
మా భవనం ఇసుక మీద మేను వాలుస్తోంది
బారుగా, తాపీగా, సొంత మంచంలా.
పక్క టవరూ, దాని పక్కదీ.
మధ్య సందుల్లో పేలికలు పేలికలుగా ఎండ,
ఆ పేలికల్లో ఇరుక్కుని బంతాడుతున్న పిల్లలు.

నిలువ నీడ దొరికితే చాలని కదా
బతుకంతా పిండి పిసికాను.
దొరికింది, ఇరవయ్యేడంతస్తుల నిలువున.
అది ఇంత పొడుగ్గా పడుతుందని
సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడా లేదు.

నీడ అంచున పళ్లలా పొడుచుకొచ్చిన బాల్కనీలని
కింది నించి లెక్కపెట్టుకుంటూ నడిచాను.
పద్నాలుగు దాకా ఇసుకలో ఉన్నాయి.
నాది నీళ్లలో ఎక్కడో.

"కుర్చీ ఎంత?"
"ఎండలోదైతే పది. నీడలోది ఐదు."
పైన, అంతస్తు పెరిగేకొద్దీ ధర పెరిగింది మాకు.
ఐదిచ్చి కూర్చున్నాను.
ఇసుక అప్పుడే చల్లబడుతోంది.
అరికాళ్లు లోపలికంటా దూర్చాను.
అడుగున ఇంకా వేడి ఉంది,
బట్టీ ఆర్పిన గంటకి
ఇటుకల్లో మిగిలేంత.