విజిల్

డిపో గేటు దగ్గర నుదుటికి తుపాకీ పెట్టి
"తొంభై ఏడున్నర. గుండ్రాయిలా ఉన్నావు, ఎక్కు"
అన్నాడు వాచ్‌మన్.

బ్రాడ్‌వే నుంచి తిరువొత్తియూరు, ఆరు ట్రిప్పులు.
దగ్గు లేదు. ఒక్క తుమ్ము లేదు.
మధ్యాహ్నం పులిహోరలో ఇంగువ కూడా తెలిసింది.
స్టాపు స్టాపుకీ మాస్కు గడ్డం కిందికి లాగి
విజిల్ ఊదాను,
ఊదకపోతే బస్సు కదలదు కదా.

కాశీమేడులో చేపల గంపతో ఎక్కినావిడ
నా యాస విని "మనోళ్ళేనా?" అని నవ్వింది.
ఇంజను మోతలో వినబడదని
చెవి దగ్గరికి వంగి చెప్పాను
మాది సూళ్లూరుపేట అని.
చిల్లర లేక, రెండు రూపాయల బాకీ
టికెట్టు వెనక రాసిచ్చాను.
పేరు అడగలేదు.

తొమ్మిదో రోజు కార్పొరేషన్ నుంచి ఫోను:
ఆ రోజు ఎవరెవరిని కలిశారు?
నవ్వొచ్చింది. కాసేపే.
చింపిన ప్రతి టికెట్టుకీ నంబరుంది,
రాత్రే పైసలతో సహా అప్పజెప్పాను.
నంబరు లేకుండా పంచింది
ఏ కాగితం మీద చూపించను?

నాకు ఇప్పటికీ జ్వరం రాలేదు.
కాశీమేడులో ఆ గంప ఎక్కట్లేదు.
వేరే బస్సు పట్టిందేమో,
వేరే బస్సే అయ్యుండాలి.
రెండు రూపాయల బిళ్ళ సంచీలో విడిగా ఉంచాను.

డ్రైవరు అద్దంలోంచి విసుక్కుంటాడు.
విజిల్ మెడలోనే ఉంది.
రేకు మీద అరచేత్తో
రెండు దెబ్బలు కొడతాను.