యాభై రెండులోంచి ఇరవై ఏడు

మే నెల రెండో వారం.
సీతాఫల్‌మండి హైస్కూల్లో ఐదు రోజుల ట్రైనింగు.
మూడు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతుంది.
దాని కింది బెంచీ కోసం
రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ళం
తొమ్మిదింటికే వచ్చి బ్యాగులు పెట్టేస్తాం.

సంతకం, పెన్ను, పలచటి నోట్‌బుక్కు,
పేపర్ కప్పులో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు.
"వెనకబడిన పిల్లలకు లెక్కలు" అని
బోర్డు మీద రాసింది మెహ్‌జబీన్ మేడం.
నా సర్వీసంత వయసు ఉంటుందేమో ఆమెకు.
"వెనకబడిన" అన్నది తుడిచేసి
అక్కడ ఇంకేమీ రాయలేదు.
ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది మధ్యాహ్నం దాకా.

తలా ఒక చీటీ ఇచ్చింది.
ఎవరో పిల్లవాడి చేతిరాత:
యాభై రెండులోంచి ఇరవై ఏడు పోతే ముప్పై ఐదు.
"తప్పని నాకూ తెలుసు.
అక్కడికి ఏ దారిన వెళ్ళాడో రాయండి."

ఇరవై ఎనిమిదేళ్ళు ఎర్రపెన్ను పట్టిన చెయ్యి
దారి అడిగితే తడబడింది.
పక్కన భూమయ్య సార్ గొణిగాడు:
"దారేముంది, అప్పు తెచ్చుడు మరిచిండు."
అందరం నవ్వాం.

అప్పు అనగానే ఐలేశ్ గుర్తొచ్చాడు.
ఆరో తరగతి బి సెక్షన్, గోడవైపు చివరి వరస.
పాలమూరు నుంచి సెంట్రింగ్ పనికొచ్చిన ఇల్లు.
రెండులోంచి ఏడు పోదు,
పక్కింటికెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకో, అంటే
లేచి నిలబడి అడిగాడు:
"తెచ్చిన అప్పు మళ్ళ ఎప్పుడు కడతం టీచర్?"
క్లాసు గొల్లుమంది.
డస్టరుతో బల్ల మీద కొట్టి కూర్చోమన్నాను.

ఆ తర్వాత వాడు అప్పు తేలేదు.
ఏడులోంచి రెండు తీసేవాడు,
పెద్దదాంట్లోంచి చిన్నది,
ఎవరి గడపా తొక్కకుండా.
నేను సున్నాలు చుడుతూ పోయాను.

మూడో రోజు అగ్గిపుల్లలు.
పదేసి పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు.
ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు నా ముందు.
ఏడు తీయాలి.
మేడం ఏమీ చెప్పలేదు, చూస్తూ నిలబడింది.
ఒక కట్ట విప్పాను.
పది పుల్లలు బెంచీ మీద దొర్లాయి,
రెండు కింద పడితే వంగి ఏరుకున్నాను.
ఎవరూ అప్పివ్వలేదు.
నా కట్టే. విప్పుకున్నాను, అంతే.
ఇన్నేళ్ళూ ఎవరింటికి పంపాను ఆ పిల్లల్ని,
చేతికి చిప్ప ఇచ్చి?

సాయంత్రం మెట్టుగూడ మలుపులో ముంజల బండి.
కత్తి పట్టిన తల్లి తలెత్తలేదు,
ఆకులో చుట్టి ఇస్తున్నది వాడే.
నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు
బడిలో లాగే.
ఎనిమిది ముంజలు, ఒక్కోటి పది.
రెండొందల నోటు ఇచ్చాను.
"ఎనభై" అని మొదలుపెట్టాడు.
నా అరచేతిలో పది, "తొంభై."
ఇంకో పది, "వంద."
వందనోటు, "రెండొందలు."
"లెక్క బాగా చేశావురా" అన్నాను.
వింతగా చూశాడు:
"గిది లెక్క కాదు టీచర్, చిల్లర."

నేనేదో చెప్పబోయాను,
పదిని విడగొడితే చిల్లరే కదరా,
నీ దగ్గరున్నదే, ఎవరికీ కట్టక్కర్లేదు...
వెనక ఆటోల హారన్లు.
వాళ్ళమ్మ "జర జరుగమ్మా" అంది.
జరిగాను.

ఐదో రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం.
ఈ శిక్షణలో మీరు నేర్చుకున్నదేమిటి? రెండు గీతల జాగా.
భూమయ్య సార్ "చాలా ఉపయోగకరం" అని రాసి
నావైపు తిప్పాడు, చూసి రాసుకోమని.
రాసుకున్నాను కూడా.

బస్సులో బ్యాగు వెతికితే
జీరో టికెట్ల మధ్య ఆ రబ్బరుబ్యాండు.
బడి తెరిచేనాటికి ముంజలు అయిపోతాయి.
వాడు ఏడులోకి వస్తాడో, ఊరికి పోతాడో.
వస్తే పాఠం కన్నా ముందు
వాడి ప్రశ్న ఒకటి నా దగ్గర ఉండిపోయింది,
అది ఇచ్చెయ్యాలి.
అది మాత్రం అప్పే.