తొమ్మిదో శవం

మొదటి సీజన్‌లో నన్ను చంపాడు.
మూడో ఎపిసోడు, చివరి ఏడు నిమిషాలు.
ఆంట్రిమ్ తీరంలో పాడుబడ్డ సున్నపురాయి క్వారీ,
అట్టలతో కట్టిన ఊరు,
గ్యాసు గొట్టాల్లోంచి లేచే మంట.
కూలి కాగితంలో నేను డింప్నా మెకలీర్‌ని కాదు,
తొమ్మిదో శవాన్ని.
చేతుల్లో బిడ్డ. బిడ్డంటే
తువ్వాలు చుట్టిన రెండు కిలోల ఇసుక సంచీ.
బరువుంటేనే చేతులు అబద్ధం చెప్పవట.

గుర్రం మీద వచ్చాడు ఆస్రెక్ ప్రభువు,
కుడిచెంప మీద జిగురుతో అతికించిన గాటు.
కట్ అనగానే దిగి, చెయ్యిచ్చి లేపాడు నన్ను.
"మోకాలికేం తగల్లేదు కదా?"
మంచివాడు. గుర్రమంటే భయం, పాపం.
శుక్రవారాలు వాళ్ళావిడ చేసిన నిమ్మకేకు
తగరపు రేకులో చుట్టి తెచ్చేవాడు.

తర్వాత ఆరేళ్ళు.
ఎక్కడో వెచ్చటి గదిలో కూర్చుని రచయితలు
అతనికో బాల్యం కనిపెట్టారు.
కొరడా పట్టిన తండ్రి,
మంచు పగిలి మునిగిపోయిన చెల్లెలు,
ఒక చెక్కబొమ్మ.
చెక్కబొమ్మ కనబడగానే అర్థమైపోయింది నాకు,
ఇక వీణ్ణి క్షమించక తప్పదని.

ఫోనొచ్చింది, మళ్ళీ రమ్మని.
"నేను చచ్చిపోయాను కదమ్మా" అన్నాను.
"ఎవరూ గుర్తుపట్టరు, వేరే శాలువా ఇస్తాం" అంది ఆ పిల్ల.

ఏటి గట్టున నలభై మందిమి, సన్నగా వాన.
అతను మునుగుతున్న పసివాణ్ణి ఎత్తుకొచ్చి
బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
"ఇప్పుడు మీరంతా కరగాలి,
వెంటనే కాదు, మూడు లెక్కపెట్టాక."
ఒకటి
రెండు
మూడు
ముప్ఫైతొమ్మిది మొహాలు కరిగాయి.

మళ్ళీ తీశారు. మళ్ళీ.
అయిదోసారికి మెగాఫోన్ నన్నే అడిగింది:
"నీలం శాలువా అమ్మగారూ, ఏమన్నా ఇబ్బందా?"

ఇబ్బందేం లేదు బాబూ.
మా ఊరి పోస్టాఫీసు వరసలో
అప్పుడప్పుడు నా ముందు నిలబడతాడొకాయన.
డెబ్భై దాటాడు.
చేతికర్రంత లావు ఉల్లికాడలు పండించి
ఏటా పోటీలో కప్పు కొడతాడు.
మా అన్న ఫెర్గల్‌ని, భోజనం మధ్యలో,
వాకిట్లోకి పిలిచింది ఆయనే.
పద్నాలుగేళ్ళు లోపలున్నాడు,
ఒప్పందం కుదిరాక బయటికొచ్చాడు.
ఒకసారి వానలో నాకోసం తలుపు పట్టుకున్నాడు.
నేను లోపలికెళ్ళాను.
థాంక్స్ అన్లేదు. అనకుండానూ లేను,
గొంతులో ఏదో చప్పుడైంది.

ఆయన చెల్లెలు ఏ మంచు కింద మునిగిందో
నాకెవరూ చూపించలేదు.
వెనక వయొలిన్ మోగలేదు.
ఆయనా మోకాళ్ళ మీద పడలేదు,
స్టాంపులు కొనుక్కుని వెళ్ళిపోయాడు.
నలభై ఏళ్ళుగా నా లెక్క
రెండు దగ్గరే ఆగి ఉంది.

ఇవన్నీ మెగాఫోన్‌కి చెప్పలేదు.
నన్ను గడ్డిమోపు ఎత్తుకున్న పొడుగాటివాడి వెనక నిలబెట్టారు.
ఆ టేకు ఓకే అయింది.
దేశదేశాలా ఏడుస్తారట ఆ సీను చూసి.
ఏడవనీ. నేనూ ఏడుస్తానేమో, ఇంట్లో సోఫాలో.
స్క్రిప్టులో మాత్రం తొమ్మిదో శవం ఊసు
ఎక్కడా లేదు, వెతికాను.

భోజనాల బస్సులో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు,
చెంప మీది గాటు సగం ఊడి వేలాడుతూ.
కాసేపు చూసి అన్నాడు:
"మీరు... ఇసుక సంచీ బిడ్డ. కదూ?
నేనే కదా చంపాను మిమ్మల్ని."
"అవును" అన్నాను.
"సారీ" అని నవ్వాడు.
నేను నవ్వలేదని చూసి
నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
కేకు కోసి, పెద్దముక్క నావైపు జరిపాడు.

తిన్నాను.
కేకు బాగుంది, ఆ మాట కాదనలేను.

శనివారాలు పోస్టాఫీసు
పన్నెండింటి దాకా తెరిచే ఉంటుంది.