విడిభాగం

మంగళవారం నుంచి శుక్రవారం దాకా
నర్సమ్మను దీవి నుంచి దీవికి దాటించడం నా పని.
చిలోయె వానకి వేళాపాళా లేదు.
పదకొండేళ్లుగా ఆమె ముందు కూచుంటుంది,
నేను వెనక, మోటారు పిడి పట్టుకుని.
అందుకని ఆమె ముఖం కన్నా
వీపే నాకు బాగా తెలుసు.

వీపు కూడా మాట్లాడుతుంది.

మొదట్లో కెహుయి రేవులో దిగుతూనే
కుక్కల్ని పేరుపేరునా పలకరించేది.
ఎవరి చేలో బంగాళాదుంపలు కుళ్లాయో,
ఎవరి కొడుకు సాల్మన్ చెరువుల్లో పని మానేశాడో
కట్టు కడుతూ కడుతూనే రాబట్టేది.
నాలుగిళ్లు చుట్టేసరికి చీకటి పడేది.
లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి.

ఈ చలికాలం పనులన్నీ చకచకా అయిపోతున్నాయి.
నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను,
పొయ్యి ఆరకముందే ఇల్లు చేరుతున్నానని.

ఎప్పుడు గమనించానో గుర్తులేదు.
"ముందు షుగరింటికి, తర్వాత పుండుకాలింటికి" అంటోంది.
మనుషుల పేర్లు రాలిపోయాయి.
కమలాపండు ఒలిచి, తొనలన్నీ విడదీసి,
ఒళ్లో పెట్టుకుని మరిచిపోతోంది.
పడవ రేవుకి తగిలాక కూడా లేవదు.
తాడు కట్టేసి, "ఎదువినా, వచ్చేశాం" అంటే
"తెలుసు" అంటుంది.
లేవదు.

ఎలెవుతేరియో పోయిన రోజు
(పదకొండేళ్లు అతని కాలు కడిగిన చేతులవి)
కబురు నేనే చెప్పాను.
"అయితే ఇవాళ ఒక ఇల్లు తగ్గింది" అంది.

అన్నాక, తన మాట తనకే వినబడింది.
వాన కోటు కింద ఆ భుజాలు
ఎవరో వెనకనుంచి పిలిచినట్టు బిగుసుకుని
అలాగే ఉండిపోయాయి.

నడి నీళ్లలో మోటారు కట్టేశాను.
పడవ తనకిష్టమొచ్చిన వైపు తిరిగింది.
ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని
ఇంజన్ల గురించి మొదలుపెట్టాను.
చెడేముందు అది అరవదు, గొంతు మారుతుందంతే అని.
"నేను ఇంజన్ని కాను, బెనిల్దో."
నిజమే. నోరు మూసుకున్నాను.
నల్లమెడ హంసలు రెండు పక్కనించే వెళ్లాయి,
మేమక్కడ లేనట్టు.

చెలీన్‌లో రొసెందా ముసలమ్మ
కట్టు మార్పించుకోవడానికి చాపిన కాలు
వెనక్కి లాక్కుంది.
బీపీ పట్టీ తీసుకుని నర్సమ్మ జబ్బకే చుట్టి
బుస్సు బుస్సుమని గాలి కొట్టింది.
ముసలమ్మకు అంకెలు రావు.
"ఎంతుందో నువ్వే చదువు" అంది.
ఎదువినా చదివింది. పైకి చెప్పలేదు.
పేషెంట్ల పుస్తకంలో అంకె వేసింది,
పేరు రాసే చోటు ఖాళీగా వదిలి.
ఆ పేజీ నేను చూడకూడదు.
చూశాను.

గురువారం రాత్రి స్పార్క్ ప్లగ్ ఊడదీసి
కోటు జేబులో వేసుకున్నాను.
కాస్త్రో ఆసుపత్రికి రేడియోలో చెప్పాను, పడవ చెడిందని.
ముప్పై ఏళ్లలో ఆ రేడియోలో నేనాడిన మొదటి అబద్ధం.
వెంటనే రెండోదీ ఆడాను,
ఎప్పటికి బాగవుతుందో తెలీదని.

ఆ శుక్రవారం రొసెందా కట్టు మారలేదు.
పుండు దాని పని అది చేసుకుపోయే ఉంటుంది.
నేను చేసింది మంచి పని అనుకోమని
ఎవరినీ అడగను.

తెల్లవారుతూనే సంచీతో వచ్చింది, వానలో.
నూనె మరకల చేతులు చూపించాను.
ఆమె నా చేతులు చూడలేదు.
జేబు ఉబ్బిన చోట చూసింది.

రేవు చెక్కల మీద కూలబడి
సంచీలోంచి కమలాపండు తీసింది.
ఒలిచింది. ఒక తొన తింది.
కాసేపాగి ఇంకోటి.
గింజని నీళ్లలోకి ఉమ్మి
ఎంత దూరం పడిందో చూసుకుంది.

"విడిభాగం ఎక్కణ్ణుంచి రావాలి?"
"పుయెర్తో మోంత్ నుంచి."
"ఎన్నాళ్లు పడుతుంది?"
"నువ్వు చెప్పు" అన్నాను.

వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.
మూడో వేలు దగ్గర ఆపేసి
ఆ చెయ్యి అలాగే ఒళ్లో పెట్టుకుంది.