అయిదున్నర తర్వాత

బొమ్మనహళ్లిలో మా ఫ్యాక్టరీ సైరను
అయిదున్నరకి మోగుతాది.
పిల్లల గది తలుపు కూడా
అయిదున్నరకే మూస్తారు.
రెండు చోట్లా గడియారాలు సరిగ్గానే నడుస్తాయి.
నడిమధ్య నేను నడవాల్సిన దోవ ఒకటుందని
ఏ ముల్లుకీ తెలీదు.

మిషను ఆపి, ఒంటిమీది దారాలు దులుపుకొని,
గేటుకాడ సంచి తెరిచి చూపించి,
టిఫినుడబ్బా మూత కూడా తీసి చూపించి,
హోసూరు రోడ్డు మీద బస్సుల సందున
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని
ఎంత ఉరికినా ఇరవై ఐదు నిమిషాలు.

ఆ గది లేనప్పుడు ఎట్ల గడిచిందో అడగరు మీరు.
అడక్కపోయినా చెప్తా.
మా సందులో ఒకామె రోజుకి అరవై రూపాయలకి
ఆరుగురు పిల్లల్ని పెట్టుకునేది.
సందకాడ నేను పొయ్యేసరికి కూడా
మావాడు నిద్రలోనే ఉండేవాడు.
బంగారమమ్మా, అసలు ఏడవడు, అనేది.
నేనూ మురిసినా, రెండు నెలలు.
ఒకనాడు వాడి నోట్లో దగ్గుమందు వాసన.
వానికి దగ్గు లేదు.

పద్దెనిమిది దినాలు పనికి పోలేదు.
మా ఆయన సెంట్రింగు కూలిలో
బాడుగ పోను మిగిలిందాన్ని
లెక్క అనరు.

అప్పుడు తెరిచినారు, వార్డాఫీసు వెనక.
ముందు ఆ గదిలో విరిగిన కుర్చీలు,
దోమలపొగ కొట్టే మిషను ఉండేవంట.
ఇప్పుడు పదిహేను చాపలు, ఒక తూకం మిషను,
గోడ మీద ఏనుగు.
రంగు చాలక తొండం సగంలోనే ఆగింది.

ఫారంలో తల్లి పని అన్న చోట
గుమాస్తా నన్ను చూడకుండానే గృహిణి అని రాసినాడు.
కొట్టెయ్ సార్, అంటి.
కాలర్లు కుడతా. గంటకి అరవై.
ఇంట్లో ఉండేదాన్నయితే నీకాడికి ఎందుకొస్తా?
కొట్టేసి, పైన ఇరుకులో రాసినాడు.
నాకు కన్నడం చదవరాదు.
ఏం రాసినావో చదువు, అని చదివించుకున్నా.

అక్కడ చూసుకునేది నింగమ్మక్క, మండ్య పక్కామె.
మంగళారం గుడ్డు, బేస్తారం గుడ్డు.
పుస్తకంలో మావాడు తొమ్మిది కిలోల నుంచి
పదకొండుకి వచ్చినాడు.
మొన్న కంచం ముందర కూర్చోని
ఊట, అన్నాడు.
బువ్వ అనాల్రా, కదిరోళ్లం మనం, అంటే
ఊట ఊట, అని కంచం కొట్టినాడు.
మా మాటలో ఊట అంటే నీళ్లు.
బావిలో అది లేకనే ఈ ఊరొచ్చినాం.

సరే, అయిదున్నర.
రోజూ నేను పొయ్యేసరికి తాళం పడుంటాది.
మెట్ల మీద నింగమ్మక్క, ఒళ్లో మావాడు,
పక్కన ఇంకో ఇద్దరు, ఒకటే బిస్కెట్టు విరుచుకొని.
తాళం సర్కారుది. ఒడి ఆమెది.
ఒడికి టైము ఎవరూ రాయలేదు,
కూలి కూడా రాయలేదు.
రాసిన జీతమే మూడు నెలలుగా రాలేదంట.
మాకోసం ఆమె బస్సు పోగొట్టుకుంటాది.
ఇంకో బస్సు వచ్చేదాకా
ఆమె కూతురు ఎవరి మెట్ల మీద కూర్చుంటాదో
అడిగే ధైర్యం నాకు రాలే.

అందుకే పోయినాం, అరపూట కూలి వదులుకొని,
ముప్పై మంది తల్లులం, ఇద్దరు తండ్రులు.
ఒక్క గంట పొడిగించండి సార్,
ఆ గంటకి అక్కకి కూలి ఇవ్వండి.
అధికారి మంచోడే. నీళ్లు తెప్పించినాడు.
బడ్జెట్టు, అన్నాడు. పైనుంచి రావాల, అన్నాడు.
ఫ్యాక్టరీవాళ్లని అడగండి, అన్నాడు.
వాళ్లు మిమ్మల్ని అడగమన్నారని చెప్పినాం.
అందరం కాసేపు ఫ్యాను దిక్కు చూసినాం.

ఏప్రిల్ తర్వాత చూద్దాం, అర్జీ ఇచ్చిపోండి, అన్నాడు చివరికి.

ఏప్రిల్‌కి మావాడికి మూడు నిండతాయి.
పుస్తకంలో పేరు కొట్టేస్తారు.
మా లైనులో గుండీలు వేసే ఫర్జానాకి ఇప్పుడు ఆరో నెల.
కడుపు మిషనుకి తగులుతా ఉందని
స్టూలు వెనక్కి జరుపుకొని,
చేతులు చాపి కుడతా ఉంది.

సంతకం పెట్టినా.
సూది దిగిన వేలు, పెన్ను నిలవలే,
వంకరగా వచ్చింది.

బయటికొచ్చి చూస్తే అయిదూ నలభై.
మెట్ల మీద అక్క ఉంటాదని తెలిసి కూడా
ఉరికినాం.